ప్రియదర్శి

బరంపురం నుంచి ఉత్తరంగా, దారి వెంట సుమారు 35 కిలోమీటర్లు వెళితే పురుషోత్తంపురం దాపున, ఋషికుల్యా నది తీరంలో జౌగడ వస్తుంది. అక్కడ చతురస్రాకారంలో ఎత్తయిన మట్టికట్ట కనిపిస్తుంది. అది ఒకప్పటి కోట గోడ. ఒక్కొక్క వైపున రెండేసి చొప్పున దానికి ఎనిమిది ద్వారాలు ఉండేవి. ఒడియా భాషలో జౌ అంటే లక్క, గడ అంటే కోట. పాండవులను కాల్చివేయడానికి దుర్యోధనుడు కట్టించిన లక్కయిల్లు ఇదేనని చుట్టుపక్కల వారు చెప్పుకుంటారు. ఆ కథ మాట ఎలా ఉన్నా, కోట లోపల ఉన్న పెద్ద బండ మీద చెక్కిన అక్షరాలు మాత్రం కట్టుకథ కావు. ఇరవై రెండు శతాబ్దాలకు పైగా అవి అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసి నిలిచి ఉన్నాయి. అవి అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనాలు. ఆనాడు ఈ ఊరి పేరు సమాప. కళింగదేశంలో మౌర్యుల అధికారులు ఉండిన రెండు ముఖ్య నగరాలలో ఇది ఒకటి. రెండవది నేటి భువనేశ్వరం దగ్గరి ధౌళి ప్రాంతంలోని తోసలి.

అశోకుడు మౌర్య వంశానికి చెందినవాడు. చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. పాటలీపుత్రం రాజధానిగా క్రీ.పూ. 268 ప్రాంతం నుంచి క్రీ.పూ. 232 ప్రాంతం దాకా పరిపాలించాడు. ఆయన బాల్యం గురించి మనకు తెలిసినదంతా తరువాతి కాలపు బౌద్ధ గ్రంథాలు చెప్పినదే. తండ్రి బతికి ఉండగానే తక్షశిలలో చెలరేగిన అలజడిని అణచడానికి వెళ్ళాడని ఉత్తరదేశపు కథలు చెబుతాయి. ఉజ్జయినిలో రాజప్రతినిధిగా ఉన్నాడని సింహళ గ్రంథాలు చెబుతాయి. సింహాసనం కోసం తొంభైతొమ్మిది మంది సోదరులను చంపించాడన్న కథ కూడా వాటిలోనిదే. దీనిని యథాతథంగా నమ్మవలసిన పనిలేదు. పట్టాభిషేకం జరిగి పదమూడేళ్ళు అయిన తరువాత వేయించిన ఒక శాసనంలో, తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో కూడా ధర్మాధికారులు పనిచేస్తున్నారని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. చండాశోకుడు ఎంత నల్లగా కనిపిస్తే ధర్మాశోకుడు అంత తెల్లగా కనిపిస్తాడని ఆ కథకులు భావించి ఉంటారు.

కథలను పక్కన పెట్టి శాసనాలను చూస్తే, ఆయన జీవితంలో పెద్ద మలుపు ఒకటే. అది మన నేల మీద జరిగింది. పట్టాభిషిక్తుడైన ఎనిమిదేళ్ళకు, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడు కళింగం మీదికి దండెత్తాడు. కళింగం సామాన్యమైన రాజ్యం కాదు. అరవై వేల కాల్బలం, వెయ్యి గుర్రాలు, ఏడు వందల ఏనుగులు కళింగరాజును కాపాడుతూ ఉండేవని రోము దేశపు పండితుడు ప్లినీ రాశాడు. సముద్ర వ్యాపారం ఉన్న దేశం. మగధ నుంచి దక్షిణానికి పోయే తీరపు దారి దీని మీదుగానే సాగుతుంది. తాత, తండ్రుల కాలంలో సామ్రాజ్యంలో చేరకుండా మిగిలిపోయిన ఈ దేశాన్ని అశోకుడు గెలిచాడు. యుద్ధంలో లక్షమంది చచ్చారు. లక్షా యాభైవేల మందిని చెరపట్టి తరలించుకుపోయారు. అంతకు ఎన్నో రెట్లమంది ఇతర కారణాల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ లెక్కలు ఓడినవారు పెట్టిన గోడు కాదు. గెలిచిన రాజు తన పదమూడవ శిలాశాసనంలో తానే చెక్కించినవి. జయించిన శత్రువుల తలలు లెక్కపెట్టుకుని మురిసిన రాజులు చరిత్రలో ఎందరో ఉన్నారు. ఆ లెక్కనే చెప్పి బాధపడిన రాజు ఆ కాలంలో మరొకడు కనిపించడు.

ఆ శాసనాన్ని కొంచెం నిదానంగా చదవాలి. అశోకుణ్ణి బాధపెట్టింది చావులు మాత్రమే కాదు. ఆ దేశంలో బ్రాహ్మణులు, శ్రమణులు, రకరకాల మతాలవారు, గృహస్థులు నివసిస్తూ ఉండేవారు. పెద్దల మాట వినేవారు, తల్లిదండ్రులకు సేవ చేసేవారు, స్నేహితులతో, బంధువులతో, పనివారితో మంచిగా మసలుకునేవారు వారిలో ఉన్నారు. యుద్ధం అటువంటివారిని గాయపరిచింది, చంపింది, అయినవారికి దూరం చేసింది. తమకు ఏ దెబ్బా తగలకపోయినా, తాము ప్రేమించేవారికి ఆపద వచ్చినందువల్ల కుమిలిపోయినవారు ఉన్నారు. ఇవన్నీ ఆయన వరుసగా చెప్పాడు. అంటే కోటలు కూలడం, ఏనుగులు పడిపోవడం కాక, మామూలు ఇళ్ళలోని మామూలు మంచితనం చెదిరిపోవడం ఆయన కంటికి ఆనింది. ఈ సంగతిని గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే, తరువాత ముప్పై ఏళ్ళపాటు ఆయన ధర్మం అని దేశమంతటా చాటినది సరిగ్గా ఈ జాబితానే. తల్లిదండ్రులకు సేవ, పెద్దలపట్ల గౌరవం, స్నేహితులకు, బంధువులకు, బ్రాహ్మణులకు, శ్రమణులకు దానం, దాసులపట్ల, సేవకులపట్ల దయ, ప్రాణిహింస మానడం. యుద్ధంలో తాను పగులగొట్టినదాన్నే మళ్ళీ అతికించబోయాడని అనుకోవచ్చు.

కళింగ యుద్ధం ముగిసిన సాయంత్రమే కత్తి పారవేసి కాషాయం కట్టాడని నాటకాలలో చూపిస్తారు. నిజం అంత త్వరగా జరగలేదు. తాను బౌద్ధ ఉపాసకుడిగా రెండున్నర ఏళ్ళకు పైగా ఉన్నానని, అయితే మొదటి ఏడాది అంత శ్రద్ధ చూపలేదని, ఏడాదికి పైగా సంఘానికి దగ్గరగా ఉన్న తరువాతనే గట్టి ప్రయత్నం మొదలుపెట్టానని ఒక చిన్న శిలాశాసనంలో ఆయన ఒప్పుకున్నాడు. చక్రవర్తి అయి ఉండి, కొత్తగా పాఠం మొదలుపెట్టిన విద్యార్థి వలె తన వెనుకబాటును రాతి మీద రాయించడం విశేషమే. పట్టాభిషేకమైన పదేళ్ళకు బుద్ధుడు జ్ఞానోదయం పొందిన బోధివృక్షం దగ్గరకు యాత్ర చేశాడు. అంతవరకు రాజులు విహారయాత్రలకు వెళ్ళేవారు. వేట, వినోదం వాటి ప్రయోజనాలు. ఆనాటి నుంచి అశోకుడు ధర్మయాత్రలు చేశాడు. వృద్ధులను చూడడం, వారికి బంగారం ఇవ్వడం, పల్లె ప్రజలను కలుసుకుని మాట్లాడడం ఆ యాత్రలలోని పనులు. ఈ సంగతి జౌగడ రాతి మీద కూడా ఉంది.

బుద్ధుడు చెప్పిన తత్త్వం లోతైనది. దుఃఖం, దుఃఖానికి కారణం, నిర్వాణం వంటి మాటలు భిక్షువులు ఏళ్ళ తరబడి ధ్యానం చేసి తెలుసుకోవలసినవి. అశోకుడు భిక్షువులకోసం ఏడు బౌద్ధ పాఠాల పేర్లు చెప్పి, వాటిని తరచుగా విని మననం చేయాలని వేరొక శాసనంలో కోరాడు. ఉపాసకులను కూడా వినమన్నాడు. కాబట్టి ఆ లోతు తెలియనివాడు కాడు. అయినా దేశప్రజలందరికీ ఉద్దేశించిన శాసనాలలో నిర్వాణం మాట ఎత్తలేదు. అష్టాంగమార్గం పేరు చెప్పలేదు. ఏ మతంవారికైనా తెలిసిన స్వర్గం, పుణ్యం అనే మాటలనే వాడాడు. బుద్ధుడు కూడా గృహస్థుతో మాట్లాడేటప్పుడు ఇలాగే మాట్లాడేవాడు. సిగాలుడు అనే యువకుడు ప్రతి ఉదయం ఆరు దిక్కులకు మొక్కుతూ ఉంటే, తల్లిదండ్రులు తూర్పు దిక్కని, గురువులు దక్షిణమని, ఆలుబిడ్డలు పడమరని, స్నేహితులు ఉత్తరమని, పనివారు కింది దిక్కని, శ్రమణ బ్రాహ్మణులు పై దిక్కని చెప్పి, వీరిని చక్కగా చూసుకోవడమే దిక్కులకు మొక్కడమని బుద్ధుడు బోధించినట్లు ఒక బౌద్ధ సూత్రంలో ఉంది. అశోకుని ధర్మం ఈ దారిలోదే. దాన్ని ఆయన ఇంటిలోకి, వీధిలోకి, కచ్చేరీలోకి, చెరసాలలోకి తీసుకువచ్చాడు.

వంటిల్లు మొదట చూద్దాం. జౌగడలోని మొదటి శాసనం వంటింటి గురించే. రాజుగారి వంటశాలలో పూర్వం కూరలకోసం రోజూ లక్షలకొద్దీ ప్రాణులను చంపేవారు. శాసనం రాయించేనాటికి అవి మూడుకు తగ్గాయి. రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందు ముందు ఈ మూడింటినీ చంపబోమని మాట ఇచ్చాడు. ఇక్కడ మనకు నచ్చేది ఆ లెక్కలోని నిజాయితీ. ఈ క్షణం నుంచి మాంసం మానేశానని గొప్పగా ప్రకటించి ఉండవచ్చు. అలా చేయలేదు. మిగిలిన రెండు నెమళ్ళను దాచిపెట్టలేదు. అలవాటు ఎంతవరకు తగ్గిందో అంతవరకే చెప్పాడు. యజ్ఞాలకు ప్రాణులను బలి ఇవ్వరాదని, జాతరల వంటి కొన్ని కూటములు జరపరాదని కూడా ఆ శాసనంలోనే ఉంది.

రెండవ శాసనంలో మనుషులకు, పశువులకు వైద్యం సంగతి వస్తుంది. ఓషధులు లేనిచోట్లకు వాటిని తెప్పించి నాటించాడు. దుంపలు, పండ్ల మొక్కలు కూడా అలాగే. దారుల వెంట బావులు తవ్వించాడు, చెట్లు వేయించాడు. ఇది తన రాజ్యంలోనే కాక చోళ, పాండ్య దేశాలలో, సింహళంలో, పడమట యవనరాజుల దేశాలలో కూడా జరిగిందని చెప్పుకున్నాడు. చెట్టు, నీడ, నీళ్ళు, మందు. ధర్మమంటే ఇవేనా అని ఆనాటి పండితులు కొందరు పెదవి విరిచి ఉండవచ్చు.

తొమ్మిదవ శాసనం మన ఇళ్ళకు మరీ దగ్గరగా ఉంటుంది. జబ్బు చేస్తే, పెళ్ళి జరిగితే, బిడ్డ పుడితే, ప్రయాణమైతే జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారు. తల్లులూ ఇల్లాళ్ళూ మరీ ఎక్కువగా చేస్తారని ఆయన కొంచెం విసుగ్గానే అన్నాడు. చేయవద్దని మాత్రం అనలేదు. చేయవచ్చునని, కాని వాటి ఫలం స్వల్పమని చెప్పాడు. గొప్ప ఫలం ఇచ్చే మంగళకార్యం ఒకటి ఉందని, అది ధర్మమంగళమని వివరించాడు. దాసులను, కూలివారిని సరిగా చూడడం, పెద్దలను గౌరవించడం, ప్రాణుల విషయంలో నిగ్రహం, బ్రాహ్మణ శ్రమణులకు దానం. తండ్రి గాని, కొడుకు గాని, అన్నదమ్ముడు గాని, యజమాని గాని, స్నేహితుడు గాని, చివరకు పొరుగువాడు గాని ఈ మాట చెప్పాలన్నాడు. ఉపదేశం చేసే పని గురువులకు మాత్రమే వదిలిపెట్టక పక్కింటివాడికి కూడా అప్పగించిన రాజు ఇతడు. మూడవ శాసనంలో మరొక చిన్న సంగతి ఉంది. తక్కువ ఖర్చు పెట్టడం, తక్కువ కూడబెట్టడం మంచిదని. మొదటిది మన పెద్దలు రోజూ చెబుతారు. రెండవది అంతగా చెప్పరు.

ఇతరులకు చెప్పినవాడు తన దినచర్యను కూడా మార్చుకున్నాడు. ప్రజల పని ఉంటే వార్తాహరులు ఏ వేళనైనా తన దగ్గరకు రావచ్చునని ఆరవ శాసనంలో ఆజ్ఞాపించాడు. భోజనంలో ఉన్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, వాహనంలో ఉన్నా, తోటలో ఉన్నా సరే. ఎంత శ్రమించినా తనకు తృప్తి లేదని, ప్రాణులకు తాను పడిన రుణం తీర్చుకోవడానికే ఈ శ్రమ అని అందులో ఉంది.

ఇక జౌగడకు ప్రత్యేకమైన విషయానికి వద్దాం. అశోకుని పెద్ద శిలాశాసనాలు మొత్తం పద్నాలుగు. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఈ పద్నాలుగూ ఉన్నాయి. జౌగడలో, ధౌళిలో మాత్రం పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు లేవు. కళింగ యుద్ధాన్ని గురించి, లక్షమంది చావును గురించి చెప్పిన పదమూడవ శాసనం ఆ యుద్ధం జరిగిన కళింగంలోనే చెక్కించలేదు. ఆంధ్రుల పేరు కూడా అందులో వస్తుంది. తన ధర్మాన్ని అనుసరించే జనులలో వారిని కూడా చెప్పాడు. ఎర్రగుడి రైతు విన్న ఆ పశ్చాత్తాపాన్ని సమాప రైతు వినలేదు. ఎందుకు? భర్తను, కొడుకును పోగొట్టుకున్నవారు ఇంకా బతికి ఉన్న ఊళ్ళలో, వారి చావుల లెక్క చదివించడానికి మనసు రాక ఉండవచ్చు. ఆరని పుండును కెలకడం రాజనీతి కాదని అనుకుని ఉండవచ్చు. శాసనాలు కారణం చెప్పవు. చెప్పినది ఒక్కటే. తీసివేసిన మూడింటి బదులు ఇక్కడ వేరే రెండు శాసనాలు చెక్కించాడు. అవి కళింగప్రజలను పాలించే అధికారులకు ఇచ్చిన ఆజ్ఞలు. జౌగడలో అవి సమాపలోని మహామాత్రుల పేర ఉన్నాయి.

వాటిలో అశోకుడు మనుష్యులందరూ తన బిడ్డలని ప్రకటించాడు. తన బిడ్డలకు ఇహంలోను పరంలోను ఏ సుఖం కోరుకుంటాడో అందరికీ అదే కోరుకున్నాడు. ఇటువంటి మాటలు చాలామంది రాజులు అంటారు. అశోకుడు అక్కడ ఆగలేదు. చెరసాల తలుపు తెరిచి చూపించాడు. న్యాయం చెప్పే అధికారుల వల్ల ఒక్కొక్కసారి ఒక మనిషి కారణం లేకుండా బంధనం పాలవుతాడు, హింసలు పడతాడు, వాడి వెనుక ఎందరో అయినవారు దుఃఖిస్తారు అన్నాడు. అలా జరగకుండా పక్షపాతం లేని మధ్యమార్గంలో నడవమని అధికారులను ఆదేశించాడు. మధ్యమార్గం బుద్ధుని మాట. భిక్షువు సాధనకు చెప్పిన ఆ మాట ఇక్కడ కచ్చేరీలో తీర్పు చెప్పేవాని పనికి వచ్చింది.

ఆ మార్గంలో నడవనీయని దోషాలను కూడా పేరుపేరునా చెప్పాడు. అసూయ, ముక్కుమీది కోపం, క్రౌర్యం, తొందరపాటు, పనిలో పట్టు లేకపోవడం, సోమరితనం, అలసట. ఈ ఏడూ తమలో కలగకూడదని అధికారులు కోరుకోవాలి. వీటన్నిటికీ మందు కోపం లేకపోవడం, తొందర లేకపోవడం. అలసట వచ్చినవాడు లేవలేడని, అయినా లేవాలి, కదలాలి, ముందుకు నడవాలని చెప్పాడు. అలసటను కూడా దోషాలలో చేర్చడం గమనించవలసినది. దుర్మార్గుడైన అధికారి వల్లనే కీడు జరుగుతుందని మనం అనుకుంటాం. సాయంత్రం దాకా కాగితాలు చూసి విసిగిపోయిన మంచివాడి వల్ల కూడా ఒక నిరపరాధి ఆ రాత్రి చెరసాలలో ఉండిపోవచ్చు. ఈ సంగతి రాజ్యం నడిపినవాడికి తెలుస్తుంది. అధికారులలో కొందరికి తన ఉద్దేశం కొంతవరకే అర్థమైందని, పూర్తిగా అర్థం కాలేదని కూడా ఆయన మందలించాడు.

మాట చెప్పి మరచిపోయే రకం కాదు కనుక, అది అమలు జరిగే ఏర్పాటు కూడా చేశాడు. ఈ ఆజ్ఞను పుష్యమి నక్షత్రం ఉన్న రోజున చదివి వినిపించాలి. ఆనాడు దాన్ని తిష్య నక్షత్రమనేవారు. నడుమ నడుమ అవకాశం వచ్చినప్పుడు, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే, వినిపించాలి. అయిదేళ్ళకు ఒకసారి కోపమూ కాఠిన్యమూ లేని మెత్తని స్వభావం గల అధికారిని పంపి, పని సరిగా జరుగుతున్నదో లేదో చూడాలి. ఉజ్జయినిలో రాజకుమారుడు మూడేళ్ళు దాటకుండా అలాగే పంపాలి. తక్షశిలలోనూ అంతే. రాతిని చదవగలిగినవారు ఆనాడు కొద్దిమందే ఉంటారు. అందుకే వినిపించే ఏర్పాటు. ఋషికుల్య ఒడ్డున పుష్యమి నాడు గుమిగూడినవారిలో యుద్ధం చూసినవారు తప్పక ఉండి ఉంటారు.

రెండవ ప్రత్యేక శాసనం పొలిమేర అవతలి ప్రజలను గురించినది. వారింకా జయింపబడనివారు. ఈ రాజు తమను ఏమి చేయదలచాడోనని వారికి భయం. కళింగానికి జరిగినది చూసినవారికి ఆ భయం సహజం. తనను చూసి భయపడనక్కరలేదని, తన వల్ల వారికి సుఖమే గాని దుఃఖం కలగదని, క్షమించదగిన దానిని క్షమిస్తానని, తండ్రి వంటివాడినని వారికి నమ్మకం కలిగించమని అధికారులకు చెప్పాడు. క్షమించదగిన దానిని అన్నాడు గాని అన్నిటినీ అనలేదు.

అశోకుణ్ణి మెచ్చుకునేవారు కొందరు ఈ భేదాలను చూడరు. కాని చూడాలి. పశ్చాత్తాపపడినా కళింగానికి ఆయన స్వాతంత్ర్యం తిరిగి ఇవ్వలేదు. తరలించుకుపోయిన లక్షా యాభైవేల మందిని తిరిగి పంపినట్లు ఏ శాసనమూ చెప్పదు. పదమూడవ శాసనంలోనే అడవిజాతులకు తన బలాన్ని గుర్తుచేసి హెచ్చరిక కూడా చేశాడు. దాసులను దయగా చూడమన్నాడు గాని దాస్యాన్ని రద్దు చేయలేదు. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకు కూడా మరణశిక్ష అమలులో ఉండేది. ఆయన చేసినదల్లా, శిక్ష పడినవారికి మూడు రోజుల గడువు ఇవ్వడం. ఆ మూడు రోజులలో బంధువులు ప్రాణభిక్ష కోరవచ్చు. లేదా చావబోయేవాడు దానధర్మాలు చేసుకోవచ్చు. ఈనాటి కొలతతో చూస్తే ఇది చాలా తక్కువ. ఆ మూడు రోజులలో విడుదలైన వాడెవడైనా ఉంటే, వాడి ఇంట్లో అది తక్కువగా ఉండి ఉండదు.

ఆయన మతసహనం గురించి ఎక్కువగా చెప్పనక్కరలేదు. అన్ని మతాలవారు అన్ని చోట్లా నివసించవచ్చునని, అందరూ కోరేది ఆత్మనిగ్రహం, చిత్తశుద్ధి అని ఏడవ శాసనం చెబుతుంది. కుమారుడు మహేంద్రుడు, కుమార్తె సంఘమిత్ర సింహళానికి బౌద్ధాన్ని తీసుకువెళ్ళారని ఆ దేశపు గ్రంథాలు వివరంగా వర్ణించాయి. స్తూపాలు కట్టించిన సంగతి, స్తంభాలు నిలిపిన సంగతి అందరికీ తెలిసినవే. సారనాథ్‌లో ఆయన నిలిపిన స్తంభం మీది సింహాలు 1950 జనవరి 26న మన దేశపు అధికార ముద్ర అయ్యాయి.

చివరి రోజులను గురించి ఉత్తరదేశపు బౌద్ధ గ్రంథం ఒకటి ఒక కథ చెబుతుంది. ముసలితనంలో ఆయన చేసే దానాలకు బొక్కసం ఖాళీ అవుతున్నదని మంత్రులు అడ్డుపడ్డారట. ఆయన తన బంగారు పళ్ళేలను దానం చేస్తే వెండివి పెట్టారు. వెండివి కూడా ఇచ్చివేస్తే ఇనుప పళ్ళేలు వచ్చాయి. చివరకు చేతిలో మిగిలినది ఒక ఉసిరికాయలో సగం. దానినే కుక్కుటారామంలోని భిక్షువులకు పంపాడు. వారు దానిని పులుసులో వేసి అందరూ పంచుకున్నారు. ఇది కథే. అయినా జంబూద్వీపాన్ని ఏలినవాని గురించి ఇటువంటి కథ పుట్టడం మామూలు విషయం కాదు.

ఆయన పోయిన యాభై ఏళ్ళలోపునే మౌర్య సామ్రాజ్యం ముగిసింది. కాలక్రమాన బ్రాహ్మీ లిపిని చదవగలిగినవారు కూడా లేకపోయారు. పద్నాలుగవ శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ రెండు అశోకస్తంభాలను ఢిల్లీకి తెప్పించి పండితులను చదవమంటే ఎవరూ చదవలేకపోయారు. ఆ లిపి రహస్యాన్ని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఛేదించాడు. జౌగడ అక్షరాలకు 1850లో సర్ వాల్టర్ ఇలియట్ నకలు తీయించాడు. ఆయన అప్పుడు ఉత్తర సర్కారుల కమిషనరు. అమరావతి స్తూపాన్ని తవ్వించినది కూడా ఆయనే. గంజాం ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. అప్పటికే జౌగడ మొదటి పలకలో రాయి పెచ్చులూడి చాలా పంక్తులు పోయాయి. అదే పాఠం ధౌళిలో ఉండడం వల్ల పండితులు ఖాళీలను పూరించుకోగలిగారు.

మూడు పలకలుగా ఉన్న ఆ రాతలో మొదటి దానిలో అయిదు శాసనాలు, రెండవ దానిలో ఆరు నుంచి పది వరకు, ఆపైన పద్నాలుగవది, మూడవ దానిలో అధికారులకిచ్చిన రెండు ఆజ్ఞలు ఉన్నాయి. భాష ప్రాకృతం. తూర్పుదేశపు ఉచ్చారణలో ర బదులు ల పలికేవారు కనుక రాజా అన్న మాట అందులో లాజా అని ఉంటుంది. పద్నాలుగవ శాసనంలో ఒక ముచ్చట ఉంది. కొన్ని మాటలు తీపిగా ఉండడం వల్ల మళ్ళీ మళ్ళీ చెప్పానని, కొన్ని చోట్ల అసంపూర్తిగా ఉంటే అది చోటు చాలకనో, చెక్కినవాని పొరపాటు వల్లనో జరిగి ఉంటుందని రాయించాడు. పాపం ఆ చెక్కినవాడు తన తప్పు సంగతిని తన చేతితోనే చెక్కవలసి వచ్చింది.

ఈ రాజు ఎవరో చాలాకాలం రూఢిగా తెలియలేదు. శాసనాలలో దేవానాంప్రియుడని, ప్రియదర్శి అని మాత్రమే ఉంది. ఆయనే అశోకుడని 1837లో సింహళ గ్రంథాల సహాయంతో జార్జి టర్నర్ ఊహించాడు. 1915లో రాయచూరు జిల్లా మస్కిలో దొరికిన శాసనంలో అశోకుడన్న పేరు స్పష్టంగా కనిపించడంతో సందేహం తీరింది. జౌగడ రాతి మీద ఎంత వెదకినా ఆ పేరు లేదు. ప్రియదర్శి అనే ఉంది.